కవులు గాలివానను, ప్రకృతి బలాన్ని ఎలా చూపిస్తారు? సీమ కవిత్వంలో తుఫాన్లు ఉంటాయా?

ముందు శబ్దంతో చూపిస్తారు. ద్విత్వాలు, సంయుక్తాక్షరాలు, పొడవైన సమాసాలు వరసగా పడితే చదివేవాడికి ఊపిరి ఆడదు. ఉరుము చెవిలోనే మోగుతుంది. దీన్నే ఓజోగుణం అంటారు. పోతన భాగవతం దశమ స్కంధంలో గోవర్ధన ఘట్టం గట్టిగా చదివి చూడండి. అక్కడ వాన ఇంద్రుడి కోపం, అంటే ప్రకృతికి ఒక మనస్తత్వం ఉంది. ఆధునిక కవి చాలాసార్లు ఆ దేవుణ్ణి తీసేస్తాడు. అప్పుడు గాలికి పగ ఉండదు, జాలీ ఉండదు. నాకైతే అదే ఎక్కువ భయం.

ఇక సీమ సంగతి. అనంతపురంలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప. అందుకే ఇక్కడ ప్రకృతి బలం ఎక్కువగా రాని వానలో కనిపిస్తుంది. విద్వాన్ విశ్వం 'పెన్నేటి పాట'లో భయపెట్టేది వరద కాదు, ఎండిన పెన్న. మబ్బు పట్టి, చల్లగాలి వీచి, నాలుగు చినుకులు రాల్చి వెళ్లిపోతే వేరుశనగ రైతుకు అది తుఫాను కంటే తక్కువేమీ కాదు.

అలాగని నీళ్ల దెబ్బ తెలియని నేల కాదిది. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ కర్నూలును ముంచాయి. అలాంటిది రాయాలంటే ఉపమానాలకన్నా గోడ మీద మిగిలిన బురద గీత చాలు.