మూసా అల్ సద్ర్ హిజ్బుల్లా స్థాపకుడా? ఒక మతగురువు సాయుధ దళం ఎలా పెట్టగలిగాడు?

స్థాపకుడు కాదు. హిజ్బుల్లా పుట్టింది 1982లో, ఇజ్రాయెల్ సైన్యం లెబనాన్‌లోకి వచ్చాక. అప్పటికి లెబనాన్ షియాల మతగురువు మూసా అల్ సద్ర్ కనబడకుండా పోయి నాలుగేళ్ళు. ఆయన పెట్టింది అమల్ అనే వేరే షియా దళం. అందులోంచి విడిపోయినవాళ్ళు చాలామంది హిజ్బుల్లాలోకి వెళ్ళారు, తర్వాత హిజ్బుల్లా నాయకుడైన హసన్ నస్రల్లా కూడా ఆ బాపతే. ఆ చుట్టరికం తప్ప ఇంకేం లేదు. కానీ మన పత్రికలవాళ్ళకు నల్ల తలపాగా కనిపిస్తే చాలు, కింద హిజ్బుల్లా అని వేసేస్తారు. నల్ల తలపాగా ప్రవక్త వంశంలో పుట్టిన సయ్యద్‌కు గుర్తు, పార్టీ జెండా కాదు. ఇరాన్ మతనేతలు ఖొమేనీ, ఖమేనీ పేర్లే ఇప్పటికీ కలిపేస్తున్నారు, ఇక సద్ర్‌ల సంగతి అడక్కండి. లెబనాన్‌కు వెళ్ళిన మూసా, 1980లో సద్దాం చంపించిన బాకిర్, ఇప్పుడు ఇరాక్ వార్తల్లో ఉండే ముక్తదా, ముగ్గురూ ఒకే వంశం వాళ్ళు. మనుషులు మాత్రం వేరు.

అసలు ప్రశ్న సాయుధ దళం గురించి. తుపాకీ ఆయన జీవితంలో చిట్టచివర వచ్చిన సంగతి. అది ఆయనకు చేతకాని పని అని కూడా నా గట్టి అభిప్రాయం. చేతనైనది సంస్థలు పెట్టడం.

1928లో ఇరాన్‌లోని ఖుమ్‌లో పుట్టాడు. పూర్వీకులది దక్షిణ లెబనాన్‌లోని జబల్ ఆమిల్. ఖుమ్‌లో, ఇరాక్‌లోని నజఫ్‌లో చదువు. దక్షిణ లెబనాన్‌లోని టైర్ పట్టణంలో షియాల పెద్ద షరఫుద్దీన్ 1957లో చనిపోతే, ఆ స్థానంలోకి 1959 చివర్లో వచ్చాడు. అప్పటి లెబనాన్‌లో అధ్యక్షుడు మారొనైట్ క్రైస్తవుడు, ప్రధాని సున్నీ, స్పీకర్ షియా. పార్లమెంటు సీట్లు క్రైస్తవులకు ఆరైతే ముస్లింలకు ఐదు. షియాలకు దక్కింది స్పీకర్ కుర్చీ, పొగాకు చేలు, బీరుట్ శివారు మురికివాడలు. స్పీకర్ కుర్చీ కూడా జమీందారీ కుటుంబాల చేతుల్లోనే తిరిగేది.

ఆయన మొదట పట్టుకున్నది బిచ్చగాళ్ళ సమస్య. టైర్‌లో పాత ధార్మిక సంఘాన్ని లేపి, చందాలు కూడగట్టి, వీధుల్లో అడుక్కోవడం ఆపించాడు. తర్వాత టైర్ దగ్గరి బుర్జ్ అల్ షిమాలీలో అనాథ పిల్లలకు చేతిపనులు నేర్పే సాంకేతిక పాఠశాల పెట్టాడు. దాన్ని నడిపిన ముస్తఫా చమ్రాన్ తర్వాత ఇరాన్ రక్షణ మంత్రి అయ్యాడు. డబ్బు ఎక్కడిదంటారా? షియాలు తమ మిగులు ఆదాయంలో ఐదో వంతు మతపెద్దలకు కట్టాలి, దాన్ని ఖుమ్స్ అంటారు. దానికి తోడు పశ్చిమ ఆఫ్రికాలో వ్యాపారాలు చేసి గడించిన దక్షిణ లెబనాన్ వాళ్ళ విరాళాలు.

ఐస్‌క్రీమ్ ముచ్చట కూడా ఆ రోజులదే. టైర్‌లో ఒక క్రైస్తవుడి ఐస్‌క్రీమ్ కొట్టుంది. వాళ్ళ చేతి తిండి మైల అని పోటీ కొట్టువాడు ప్రచారం పెట్టాడు, ముస్లింలు వెళ్ళడం మానేశారు. ఆ క్రైస్తవుడు వచ్చి మొరపెట్టుకున్నాడు. సద్ర్ ఫత్వా రాయలేదు, ఉపన్యాసం ఇవ్వలేదు. శుక్రవారం నమాజు కాగానే జనాన్ని వెంటేసుకుని నడుచుకుంటూ ఆ కొట్టుకే వెళ్ళి, అందరూ చూస్తుండగా కూర్చుని ఐస్‌క్రీమ్ తిన్నాడు. ఆరడుగుల పైన ఉన్న మనిషి, తలపాగాతో, చేతిలో కప్పుతో. పదిహేను పేజీల వాదన చేయలేని పని అది చేసింది. 1975 ఫిబ్రవరిలో బీరుట్‌లోని ఒక కపుచిన్ చర్చిలో క్రైస్తవుల ఉపవాస కాలపు ప్రసంగం చేసిందీ ఈయనే.

సున్నీలకు, డ్రూజ్ అనే మరో మతవర్గానికి ఉన్నట్టు షియాలకూ సొంత మండలి కావాలని పట్టుబట్టాడు. 1967లో చట్టం వచ్చింది, 1969లో ఆయనే అధ్యక్షుడు. అదే ఏడాది కైరో ఒప్పందంతో దక్షిణ లెబనాన్ నుంచి పోరాడటానికి పాలస్తీనా దళాలకు అనుమతి దొరికింది. వాళ్ళు రాకెట్ వేస్తే ఇజ్రాయెల్ బాంబు షియా రైతు ఇంటి మీద పడేది. లెబనాన్ సైన్యం అటు తొంగి చూసేది కాదు. 1970లో సద్ర్ సమ్మె చేయిస్తే ప్రభుత్వం మజ్లిస్ అల్ జనూబ్, అంటే దక్షిణ ప్రాంత మండలి అని ఒకటి పెట్టింది. జనం దాన్ని మజ్లిస్ అల్ జుయూబ్ అన్నారు. జుయూబ్ అంటే జేబులు. మన దగ్గర కార్పొరేషన్లు చూసినవాళ్ళకు వేరే చెప్పాలా!

1974 మార్చి 17న బెకా లోయలోని బాల్బెక్‌లో వేలాది మంది తుపాకులతో వచ్చిన సభలో "ఆయుధం మగవాడికి అలంకారం" అన్నాడు. వంచితుల ఉద్యమం మొదలైంది. తెలంగాణ, రాయలసీమ ఊళ్ళలో పీర్లు ఎత్తుకోవడం చూసినవాళ్ళకు హుస్సేన్ కర్బలా కథ తెలుసు. ఆ కథ విని ఏడ్చి ఇంటికి పోవడం కాదు, హుస్సేన్‌లా ఎదురు నిలబడమన్నాడు. ఆయన తెచ్చిన అసలు మార్పు అది.

ఇక 1975. అంతర్యుద్ధం మొదలై రెండు నెలలు దాటింది. జూన్ 27న బీరుట్‌లోని సఫా మసీదులో, కాల్పులు ఆపండని నిరాహార దీక్షకు కూర్చున్నాడు. కొత్త మంత్రివర్గం వచ్చాక దీక్ష విరమించి నేరుగా బెకా లోయకు వెళ్ళాడు, అక్కడ షియాలే చుట్టుముట్టిన క్రైస్తవ గ్రామం మీద ముట్టడి ఎత్తేయించడానికి. అక్కడిదాకా గాంధీగారి పద్ధతే. జూలై 5న బాల్బెక్ దగ్గర ఒక శిక్షణ శిబిరంలో మందుపాతర పేలి పాతిక మందికి పైగా కుర్రాళ్ళు చనిపోయారు. శిబిరం ఆయనదే, శిక్షణ ఇస్తున్నది పాలస్తీనా సంస్థ ఫతా. మర్నాడు పత్రికలవాళ్ళ ముందు ఒప్పుకోక తప్పలేదు: అఫ్వాజ్ అల్ ముకావమా అల్ లుబ్నానియ్యా, లెబనాన్ ప్రతిఘటన దళాలు. మొదటి అక్షరాలు కలిపితే అమల్, అంటే ఆశ. శాంతి కోసం పస్తులున్న వారంలోనే దళం పుట్టుక ప్రమాదవార్తగా బయటికొచ్చింది. ఆయన మాయమయ్యేదాకా అది చిన్న దళమే. పెద్ద పార్టీగా చేసింది 1980లో పగ్గాలు పట్టిన నబీహ్ బెర్రీ.

1978 మార్చిలో ఇజ్రాయెల్ దక్షిణాదిని ఆక్రమించాక అరబ్ దేశాలు తిరిగి సాయం అడుగుతూ, ఆగస్టు 25న ఇద్దరు అనుచరులతో లిబియా వెళ్ళాడు. 31 తర్వాత ముగ్గురూ ఎవరికీ కనబడలేదు. అలిటాలియా విమానంలో రోమ్ వెళ్ళిపోయారని గద్దాఫీ ప్రభుత్వం చెప్పింది. రోమ్‌లో హాలిడే ఇన్‌లో వాళ్ళ పాస్‌పోర్టులతో ఇద్దరు దిగి, బట్టలు మార్చుకుని, పెట్టెలు అక్కడే వదిలి మాయమయ్యారు. అసలువాళ్ళు ఇటలీలో అడుగే పెట్టలేదని ఇటలీ దర్యాప్తు తేల్చింది.

అమల్ వాళ్ళు ఇప్పటికీ చనిపోయాడని అనరు. మాయం చేయబడ్డ ఇమామ్ అంటారు. పన్నెండో ఇమామ్ అదృశ్యమయ్యాడని నమ్మే సమాజంలో ఆ మాటకు ఎంత బరువుంటుందో ఊహించుకోండి. 2015 డిసెంబర్‌లో గద్దాఫీ కొడుకు హన్నిబాల్‌ను లెబనాన్‌లో పట్టుకుని, ఈ కేసులో విషయం దాస్తున్నాడని విచారణ లేకుండా ఏళ్ళ తరబడి జైల్లో ఉంచారు. 1978 ఆగస్టులో అతనికి మూడేళ్ళు కూడా నిండలేదు.