నల్లమల, దాని కనుమలు

ప్రశ్న: నంద్యాల నుంచి గిద్దలూరు వైపు రైలులో వెళ్తుంటే, అంతవరకు చదునుగా ఉన్న నేల గాజులపల్లె దాటాక ఒక్కసారిగా కొండలై లేస్తుంది. కొండచరియల్లో రాతి పొరలు ఏటవాలుగా కనిపిస్తాయి. దీనికి కారణమేమిటి? పూర్వం ఈ నల్లమల అడవిని ఎలా దాటేవారు?

జవాబు: మీరు చూసిన రాళ్లు ఒకప్పుడు నీటి అడుగున పేరుకున్న ఇసుక, బురద. భూగర్భ శాస్త్రజ్ఞులు కడప బేసిన్ అని పిలిచే విశాలమైన పల్లంలో, వంద కోట్ల ఏళ్లకు పూర్వమే ఇవి పొరలు పొరలుగా చేరి గట్టిపడగా, ఇసుక క్వార్ట్జైటు అనే గట్టి రాయిగాను, బురద పలకరాయిగాను మారాయి. ఆ తరువాత తూర్పు నుంచి వచ్చిన ఒత్తిడికి, చాపను ఒక అంచున పట్టి నెట్టినట్లు, ఆ పొరలన్నీ మడతలు పడ్డాయి. పలకరాయి త్వరగా అరిగి లోయ కాగా, అరగని క్వార్ట్జైటు శిఖరమై నిలిచింది. కుందూనది పారే నంద్యాల మైదానం కింద ఉన్నవి వీటి తరువాత ఏర్పడిన సున్నపురాయి, షేలు (బురద గట్టిపడిన మెత్తని రాయి) పొరలు. వాటికి ఇంత మడత పడలేదు కనుకనే నేల చదునుగా ఉంది.

కృష్ణకు, పెన్నకు నడుమ ఉత్తర దక్షిణాలుగా దాదాపు 150 కిలోమీటర్లు సాగిన ఈ కొండల్లో 900 మీటర్లు దాటిన భైరానికొండ, గుండ్ల బ్రహ్మేశ్వరం ఎత్తైనవి. హిమాలయాలతో పోలిస్తే ఇది ఎత్తే కాదు; అయినా ఎడ్లబండి ఎక్కడపడితే అక్కడ దాటలేదు. అందుకే కోస్తాకు, సీమకు మధ్య రాకపోకలన్నీ కొద్దిపాటి కనుమల (కొండల నడుమ దారుల) మీదనే ఆధారపడ్డాయి. నంద్యాల, గిద్దలూరుల మధ్య నంది కనుమ, ఆత్మకూరు నుంచి దోర్నాలకు పోయే అడవిదారి వాటిలో ముఖ్యమైనవి. 14వ శతాబ్దంలో ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికి, అహోబిలానికి మెట్లు కట్టించాడు. యాత్రికుడికి ఆ కొండ ఎంత కష్టమో దీన్నిబట్టే ఊహించవచ్చు. 19వ శతాబ్దం చివర మీటరుగేజి రైలుమార్గం వేసినవారు దిగువమెట్ట, చలమల మధ్య కొండను తొలిచారు. ఆ చోటును బొగద అంటారు. ఆ మాటకు అర్థమే సొరంగం.

దారులు లేనిచోట కూడా అడవి తెలిసినవారు చెంచులు. తేనె, దుంపలు, వేట వారి జీవనాధారాలు. తెలుగే వారి మాట. అహోబిల నరసింహుడు చెంచులక్ష్మిని పెళ్లాడాడన్న కథ వల్ల వారు స్వామికి అత్తింటివారయ్యారు. సంక్రాంతి వేళ మొదలై నెలకు పైగా చుట్టుపక్కల ఊళ్లలో సాగే పారువేట ఉత్సవానికి ఆ చుట్టరికమే ఆధారం. ఇది కథే అయినా, కొండ మీది గుడికి, అడవిలోని గూడేనికి ఉన్న పాత సంబంధాన్ని శాసనాల కంటే ఇదే బాగా చెబుతుందని నా అభిప్రాయం.

1983 నుంచి ఈ అడవి నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యం. రాష్ట్ర విభజన తరువాత కృష్ణకు ఉత్తరాన ఉన్న భాగం అమ్రాబాద్ పేరుతో తెలంగాణలో వేరైంది. దోర్నాల నుంచి శ్రీశైలం వెళ్లే దారిలో రాత్రివేళ వాహనాలను గేటు వద్దే ఆపుతారు కనుక, మీరు ఆ వైపు వెళ్లదలిస్తే పొద్దుండగానే బయలుదేరండి.