స్ట్రిప్పు ముందే అయిపోయిందని తెలిసింది, అల్లుడూ

చిరంజీవి అల్లుడికి మావయ్య ఆశీస్సులు.

రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. 14 రోజులకని ఇచ్చిన మందు 9వ రోజుకే అయిపోయిందట. అడిగితే ఒక స్ట్రిప్పు ఆటోలో పడిపోయిందన్నావట, సింహాద్రి అప్పన్న మీద ఒట్టు కూడా వేశావట. కోప్పడడానికి రాయడం లేదురా. పన్నెండేళ్ల కిందట ఇదే మాట, ఇదే ఒట్టుతో నేను మీ అత్తకి చెప్పాను. అప్పుడు నా స్ట్రిప్పూ ఎక్కడా పడిపోలేదు.

ఈ సంగతి మీ అత్తకీ, మా డాక్టరు గారికీ తప్ప ఎవరికీ తెలీదు. మీ అమ్మక్కూడా తెలీదు. గాజువాక ఆటోనగర్‌లో లారీ కింద పని చేస్తూ నడుం పాడుచేసుకున్నానని మీకందరికీ తెలుసు. ఆ నొప్పికి మా వీధిలో ఒకాయన సూది వేసేవాడు. మొదట వారానికొకటి, తరవాత రోజుకొకటి, ఆ తరవాత ఆయనతో పని లేకుండా నేనే వేసుకోవడం నేర్చుకున్నాను. నీకు బైక్ యాక్సిడెంట్ తరవాత ఆ నొప్పి క్యాప్సూల్స్ ఎలా అలవాటయ్యాయో, నాకు సూది అలాగే అయింది. దాన్నుంచి బయటపడెయ్యడానికి డాక్టరు గారు బ్యూప్రెనార్ఫిన్ బిళ్ళ మొదలుపెట్టారు. ఇప్పుడు నీకిస్తున్నదే.

మొదటి రోజుల్లో నర్సమ్మ ఎదురుగా కూర్చోబెట్టి నాలుక కింద పెట్టించేది. నేను దాన్ని మెల్లగా దవడ పక్కకి తోసి, దగ్గొచ్చినట్టు చేతిరుమాలు అడ్డం పెట్టుకుని అందులోకి దించేసేవాణ్ణి. బయటికొచ్చి రుమాలు విప్పితే సగం కరిగిన బిళ్ళ, దానికి అతుక్కున్న నూలుపోగులు, జేబులోని బీడీ పొడి. దాన్ని పారేసేవాణ్ణి కాదు. అగ్గిపెట్టెలో పెట్టి స్కూటర్ డిక్కీలో దాచేవాణ్ణి. ఆదివారానికి నాలుగైదు పోగయ్యేవి. అన్నీ ఒకేసారి వేసుకుంటే పాత హాయి వస్తుందనుకునేవాణ్ణి. రాలేదు. ఎందుకు రాలేదో డాక్టరు గారు తరవాతెప్పుడో చెప్పారు.

ఈ మందు సెకండ్ గేరు దాటని బండి లాంటిది. ఎంత తొక్కినా ఒక హద్దు దాటాక వేగం పెరగదు. క్యాప్సూల్స్, సూదులు మెదడులో ఎక్కడ పట్టుకుంటాయో ఇది కూడా అక్కడే పట్టుకుంటుంది, కాకపోతే సగం పనే చేస్తుంది. గట్టిగా అతుక్కుని ఒక రోజుకు పైగా ఉంటుంది. అందుకే రోజూ ఒకే వేళకి వేసుకుంటే ఒళ్ళు నొప్పులు, ఆవలింతలు, ముక్కు కారడం, ఆ గుంజులాట ఉండవు. మూడు వేసుకోవలసిన చోట ఆరు వేసుకుంటే నీకు దక్కేది హాయి కాదు, తొమ్మిదో రోజుకి ఖాళీ స్ట్రిప్పు.

ఇంకొకటి కూడా చెప్పాలి, ఎందుకంటే నీ పక్కన చేరే వాళ్ళలో ఎవడో ఒకడు ఈ సలహా ఇస్తాడు. నీ బిళ్ళలో నలోక్సోన్ అని రెండో మందు కూడా ఉంది. 2 మిల్లీగ్రాముల బిళ్ళలో అది అర మిల్లీగ్రాము. నాలుక కింద పెట్టుకుంటే ఒంటికి పెద్దగా పట్టదు, ఉన్నట్టే తెలీదు. ఎవడైనా సూదిలో ఎక్కిస్తే మాత్రం అది మేలుకుంటుంది. ఒంట్లో పాత మత్తు ఉన్నవాణ్ణి నిమిషాల్లో వాంతులు, వణుకుతో నేల మీద పడేస్తుంది. అలా వాడకూడదనే దాన్ని కలిపారు.

అయితే హద్దు ఉందని ధీమా పడకు. నా ప్రాణం మీదికి వచ్చింది ఆ ధీమాతోనే. ఒక జీతాల రోజు మీ అత్తతో గొడవపడి, దాచిన బిళ్ళలు వేసుకుని, పైన క్వార్టర్ తాగి, నిద్ర పట్టలేదని రెండు నిద్రమాత్రలు కూడా మింగాను. అర్ధరాత్రి మీ అత్తకి మెలకువ వచ్చింది. గురక ఆగిందట. కాసేపటికి గొంతులో నీళ్ళు ఉడుకుతున్నట్టు ఒక శబ్దం, మళ్ళీ ఏమీ లేదు. లైటేసి చూస్తే నా పెదాలు నేరేడుపండు రంగులో ఉన్నాయని ఈ రోజుకీ చెబుతుంది. పక్కింటి కుర్రాడి ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్ళారు, బతికాను. ఈ బిళ్ళ ఒక్కటే అయితే పెద్దవాళ్ళకి ఊపిరి అంత సులువుగా ఆపదు. తాగుడూ, నిద్రమాత్రలూ తోడైతే ఆపుతుంది. నువ్వు నిద్రమాత్రలు వేసుకుంటున్నావో లేదో నాకు తెలీదు. వేసుకుంటుంటే మాత్రం అది డాక్టరుకు చెప్పవలసిన మొదటి మాట.

ఆ తరవాతే డాక్టరు గారికి నిజం చెప్పాను. రుమాలు సంగతి, అగ్గిపెట్టె సంగతి, అన్నీ. తిట్టి పంపించేస్తారనుకున్నాను. ఆయన కళ్ళజోడు తీసి టేబుల్ మీద పెట్టి, "ఏ రోజుల్లో ఎక్కువ వేసుకుంటున్నావు?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. ఇంటికెళ్ళి క్యాలెండర్ మీద గీతలు పెట్టమన్నారు. నెల తిరిగేసరికి చూస్తే గీతలన్నీ జీతాల రోజుల దగ్గర, ఆదివారాల దగ్గర, మా తమ్ముడు వాటా గురించి ఫోన్ చేసిన రోజుల దగ్గర ఉన్నాయి. అది ఒంటి బాధ కాదు, టెన్షన్. టెన్షన్‌కి ఆ బిళ్ళ మందు కాదు కదా. నీ గీతలు వేరేలా ఉండొచ్చు. రోజూ సాయంత్రానికి ఒళ్ళంతా లాగేసి, తట్టుకోలేక ఎక్కువ వేసుకుంటున్నావనుకో, అప్పుడు నీకిచ్చిన డోసే చాలకపోయి ఉండొచ్చు. డాక్టరు పెంచుతారు. ఈ రెండింటికీ దారి వేరు. ఏదో తేలాలంటే లెక్క నిజంగా చెప్పాలి. ఒట్లు వద్దు, అప్పన్నని వదిలెయ్. ఏ రోజు ఎన్ని వేసుకున్నావో కాగితం మీద రాసుకో, చాలు.

మీ అమ్మకి ఇంకో ఆలోచన ఉంది. "ఒక మత్తు వదిలించుకోడానికి ఇంకో మత్తు" అని ఎవరో చెవిలో వేశారు. బిళ్ళలు మొత్తం మాన్పించి నెల రోజులు చోడవరంలో మీ చిన్నాన్న ఇంట్లో పెడతానంటోంది. నేను గట్టిగా వద్దన్నాను, నువ్వూ ఒప్పుకోకు. ఉన్నట్టుండి ఆపితే మొదటి రోజు ఏమీ తెలీదు, బాగానే ఉన్నాననిపిస్తుంది. రెండో రోజో మూడో రోజో మొదలవుతుంది. అంతకంటే పెద్ద ప్రమాదం వెనక ఉంది. నెల రోజులు ఏమీ లేకుండా ఉన్న ఒళ్ళు పాత మోతాదుని తట్టుకోలేదు. ఒక్కసారి చెయ్యి జారి ఎప్పటిలాగే వేసుకుంటే అదే ఆఖరిది కావచ్చు. బీపీ బిళ్ళ, షుగర్ బిళ్ళ ఏళ్ళ తరబడి వేసుకునే వాళ్ళని ఎవరూ ఏమీ అనరు. నేను నేటికీ రోజుకొక బిళ్ళ వేసుకుంటున్నాను. తగ్గించవలసి వస్తే డాక్టరే కొంచెం కొంచెంగా తగ్గిస్తారు.

ఇంట్లో చెయ్యవలసినవి కొన్ని ఉన్నాయి. బిళ్ళలు నీ దగ్గర ఉంచుకోకు. మా ఇంట్లో తాళం ఉన్న స్టీలు డబ్బాలో మీ అత్త దగ్గర ఉంటాయి, ఉదయం ఏడింటికి ఆవిడే ఇస్తుంది. మొదట్లో నామోషీగా ఉండేది. తరవాత, దాచుకునే పని లేకపోయేసరికి తల తేలికైంది. మీ అక్క పిల్లలు వచ్చిపోతుంటారు కాబట్టి తాళం తప్పనిసరి. చిన్నపిల్లలు ఒక్క బిళ్ళ నోట్లో వేసుకున్నా ప్రాణాపాయమే.

వేసుకునే ముందు గుక్కెడు నీళ్ళతో నోరు తడుపుకో. నాలుక కింద పెట్టి, పూర్తిగా కరిగేదాకా, పదినిమిషాలైనా సరే, మాట్లాడకు, మింగకు. మింగితే సగం కూడా పనిచెయ్యదు. కరిగాక నీళ్ళు నోట్లో తిప్పి మింగు, బ్రష్ మాత్రం గంట ఆగి చెయ్యి. ఈ మందుతో పళ్ళు పాడవుతున్నాయని 2022లో అమెరికాలో మందుల సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరించింది. నా రెండు దవడ పళ్ళు పోయాక నాకీ సంగతి తెలిసింది.

ఎవడు అడిగినా ఒక్క బిళ్ళ ఇవ్వకు. ఇది 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం, అంటే మత్తుమందుల చట్టం కిందికి వస్తుంది. స్నేహితుడికి ఇచ్చినా కేసే. డాక్టరు చీటీ లేకుండా బయట కొన్నా అంతే.

ఇక ఆసుపత్రి. చినవాల్తేరు మెంటల్ ఆసుపత్రి గేటు దగ్గర ఎవరైనా చూస్తారేమోనని నీ బెంగ అని అమ్మ చెప్పింది. నేనూ మొదట్లో హెల్మెట్ తియ్యకుండానే లోపలికి వెళ్ళేవాణ్ణి. లోపల చూస్తే పోర్టు వాళ్ళు, స్టీల్‌ప్లాంట్ వాళ్ళు, కాలేజీ పిల్లలు, అందరూ ఉన్నారు. రాత్రిపూట మనసు ఆగకపోతే 14446కి ఫోన్ చెయ్. మత్తు మానాలనుకునే వాళ్ళ కోసం పెట్టిన ఉచిత నంబరు అది. మనసు బాగోకపోతే 14416 ఉంది. నా నంబరు ఎలాగూ ఉంది, ఏ వేళైనా సరే.

14వ రోజు దాకా ఆగొద్దు. మందు లేకుండా ఈ ఐదు రోజులు గడపాలనుకుంటే బయట కొనాలనిపిస్తుంది, నాకు తెలుసు. మీ అమ్మ గురువారం బురుజుపేట అమ్మవారి గుడికి వెళ్ళాక మాట్లాడదాం అంటోంది. అప్పటిదాకా కూడా వద్దు. రేపు పొద్దున్న ఏడున్నరకి స్కూటర్ వేసుకుని కంచరపాలెం వస్తాను. సందు చివర నిలబడు, పైకి రాను. లెక్క రాసిన కాగితం జేబులో పెట్టుకో. ఖాళీ స్ట్రిప్పులు పారేయకు, అవి కూడా పట్టుకురా.

మీ మావయ్య