జీపు ఎత్తు పెంచాక షాఫ్టు మోగుతోంది: కేసు ఎవరి మీద?

ప్రశ్న: నాన్నగారి పదవీ విరమణ డబ్బుతో 2023లో ఫోర్ బై ఫోర్ జీపు కొన్నాను. అనంతగిరి కొండల్లో రాళ్లదారుల కోసం 2024 ఏప్రిల్ 20న హైదరాబాద్‌లోని ఒక గ్యారేజీలో 95,000 రూపాయలు ఇచ్చి, మూడు అంగుళాలు ఎత్తు పెంచే లిఫ్ట్ కిట్ వేయించాను. వారం తిరగకముందే డ్రైవ్ షాఫ్టు (గేరు పెట్టె నుంచి ఇరుసుకు శక్తి చేరవేసే కడ్డీ) దగ్గర గరగర శబ్దం, వేగం యాభై దాటితే వణుకు మొదలయ్యాయి. గ్యారేజీవారు రెండుసార్లు క్రాస్ జాయింటు (షాఫ్టు చివర వంగుతూ తిరిగే కీలు) మార్చినా తగ్గలేదు. ముందు చక్రాలకు పోయే షాఫ్టు విప్పి నడిపితే మాత్రం శబ్దం రాలేదు. కంపెనీ సర్వీసు సెంటరువారు వారంటీ వర్తించదన్నారు. కిట్ తీసేసి, పాత స్ప్రింగులు బిగించి, మరో సర్వీసు సెంటరుకు తీసుకెళ్లమని స్నేహితులు సలహా ఇస్తున్నారు. కంపెనీ మీద కేసు వేయవచ్చా?
– ఒక పాఠకుడు, సంగారెడ్డి

సమాధానం: మీ నాలుగు పేజీల ఉత్తరాన్ని పైన కుదించాను. అందులో సగానికి పైగా నాన్నగారి డబ్బు గురించి, ఇంట్లో మీరు పడుతున్న మాటల గురించి ఉంది. కేసును తేల్చేవి అవి కావు. మూడో పేజీలో మీరు మాటవరసకు రాసిన ఒక్క వాక్యం తేలుస్తుంది: ముందు షాఫ్టు విప్పి నడిపితే శబ్దం రాలేదు. అంటే శబ్దం పుడుతున్నది ఆ షాఫ్టు దగ్గరే.

క్రాస్ జాయింటు వంగి తిరిగేటప్పుడు ఒకవైపు వేగం నిలకడగా ఉన్నా, రెండోవైపు వేగం ప్రతి చుట్టుకూ రెండుసార్లు పెరిగి తగ్గుతుంది. వంపు పెరిగేకొద్దీ ఈ హెచ్చుతగ్గు పెరుగుతుంది. షాఫ్టు రెండు చివర్లలోనూ కోణాలు సమానంగా ఉంటే ఒక జాయింటు తెచ్చిన హెచ్చుతగ్గును రెండోది సరిచేస్తుంది. తయారీదారు ఆ లెక్క చూసుకునే షాఫ్టు అమరుస్తాడు. బండి మూడు అంగుళాలు లేచినప్పుడు గేరు పెట్టె పైకి పోయింది, ఇరుసు కిందే ఉండిపోయింది, షాఫ్టు వాలింది. ఇరుసు కోణాన్ని తిరిగి సరిచేసే పని జరిగినట్టు మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. అది జరగకపోతే ఎన్ని కొత్త క్రాసులు వేసినా వాటిలోని సూది బేరింగులు మళ్లీ అరుగుతాయి. ఇది నా అంచనా. అంచనా సాక్ష్యం కాదు కనుక దీన్ని డిగ్రీల్లో కొలిపించి కాగితం మీదకు తేవాలి.

కంపెనీ మీద కేసు ఆలోచన వదిలేయండి. తయారీ లోపం ఉందని నిరూపించవలసిన భారం మీదే. లిఫ్ట్ వేసిన వారంలోపు పుట్టిన శబ్దాన్ని తయారీ లోపమని ఏ నిపుణుడూ రాసివ్వడు. మీ ప్రతివాది గ్యారేజీ, మీ ఆరోపణ సేవాలోపం.

ఇక మీ అజాగ్రత్త. జీఎస్టీ మిగులుతుందని బిల్లు వద్దన్నానని మీరే రాశారు. విప్పిన పాత క్రాసులను గ్యారేజీలోనే వదిలేశారు. బేరింగు ఎటువైపు అరిగిందో చెప్పగల వస్తువులవి. ఇంతకంటే మంచి సాక్ష్యం మీకు దొరికేది కాదు, దాన్ని చేజేతులా పోగొట్టుకున్నారు! మీకు మిగిలినవి ఫోను ద్వారా చేసిన చెల్లింపు, గ్యారేజీ యజమానితో సాగిన వాట్సాప్ సందేశాలు. ఒక్కటి కూడా చెరపకండి, ఆ ఫోను మార్చకండి. ముద్రించిన ప్రతులకు భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం ధ్రువపత్రం జతచేయండి.

స్నేహితులు చెప్పిన దారిలో మాత్రం అడుగు పెట్టకండి. మార్పు దాచి వారంటీ కోరడం భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షన్ కింద మోసం అవుతుంది. మొదటి సర్వీసు సెంటరు జాబ్ కార్డులో లిఫ్ట్ సంగతి నమోదై ఉంటే పట్టుబడటానికి పెద్ద విచారణ కూడా అక్కరలేదు. అంతకన్నా పెద్ద నష్టం ఇంకొకటి ఉంది. కొలతలు తీయించకముందే కిట్ విప్పితే గ్యారేజీ మీద మీకున్న కేసు ఆ స్ప్రింగులతోపాటే పోతుంది.

కాలపరిమితి సంగతి. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని 69వ సెక్షన్ ప్రకారం వ్యాజ్య కారణం (కేసుకు దారితీసిన సంఘటన) పుట్టిన నాటి నుంచి రెండేళ్లలోపు ఫిర్యాదు చేయాలి. మరమ్మతులు నడుస్తున్నాయి కదా, చివరి మరమ్మతు నుంచి లెక్కపెట్టవచ్చు కదా అని మీరు అడిగారు. ఆ వాదన వినిపించవచ్చు, దాని మీద ఆధారపడకూడదు. కిట్ వేసిన రోజు నుంచే లెక్కపెట్టి 2026 ఏప్రిల్ 19 మీ గడువు అనుకోండి. నోటీసు పంపి జవాబు కోసం ఎదురుచూసినంత మాత్రాన గడువు ఆగదు. ఒకవేళ దాటితే జాప్యానికి తగిన కారణం చూపి మన్నింపు కోరవచ్చు, కానీ ‘వాళ్లు బాగుచేస్తామన్నారు’ అన్న ఒక్క కారణం సరిపోతుందని నేను హామీ ఇవ్వలేను.

ఏమి కోరాలన్నది కూడా జాగ్రత్తగా తేల్చుకోండి. ‘లిఫ్ట్ సరిగ్గా చేయించండి’ అని అడగవద్దు. తయారీదారు మొదట ఇచ్చిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ నిషేధిస్తుంది. 2019లో సుప్రీంకోర్టు ఆ నిషేధాన్ని గట్టిగా నిలబెట్టింది. అనుమతి లేని మార్పుకు 182ఎ సెక్షన్ కింద యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడవచ్చు. స్ప్రింగుల మార్పు దీని పరిధిలోకి వస్తుందా అన్నది వాదించదగినదే అయినా ఆ చర్చను మీరే తెరవకండి. కిట్‌కు చెల్లించిన సొమ్ము వాపసు, బండిని పాత ఎత్తుకు తెచ్చే ఖర్చు, పాడైన షాఫ్టు ఖర్చు కోరండి. పాత ఎత్తుకు తెస్తే కోణాలూ పూర్వస్థితికి వస్తాయి, కాబట్టి శబ్దానికి మందూ అదే.

ఈ వారమే చేయవలసింది చెబుతాను. చార్టర్డ్ ఇంజినీరును గానీ లైసెన్సు ఉన్న మోటారు సర్వేయరును గానీ పిలిపించి, ముందు షాఫ్టు రెండు చివర్ల కోణాలు, క్రాసులో వదులు, స్ప్లైన్ (షాఫ్టు లోపలికీ బయటికీ జారే పళ్ల భాగం) అరుగుదల కొలిపించండి. షాఫ్టుతో ఒకసారి, షాఫ్టు లేకుండా ఒకసారి ఆయన సమక్షంలో నడిపి వీడియో తీయండి. తేదీ, కిలోమీటర్ల రీడింగు, సంతకంతో నివేదిక తీసుకోండి. ముందుగా గ్యారేజీకి స్పీడ్ పోస్టులో కబురు పంపి రమ్మనండి. వాళ్లు రాకపోతే, పిలిచినా రాలేదన్న ఆధారం మీ దగ్గర ఉంటుంది.

గ్యారేజీ హైదరాబాద్‌లో ఉన్నా, మీరు ఉంటున్న సంగారెడ్డిలోని జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపే కనుక రుసుము లేదు. అవసరమైతే వినియోగదారుల రక్షణ చట్టం 38వ సెక్షన్ కింద కమిషన్ కూడా పరీక్షకు పంపగలదు.

కొలతలు అయ్యాక ముందు షాఫ్టు బిగించి తిప్పకండి. క్రాస్ విరిగితే షాఫ్టు రోడ్డుకు గుచ్చుకోవచ్చు. షాఫ్టుకు రెండు చివర్లా బోల్టు ఫ్లేంజీలు (బోల్టులతో బిగించే పళ్లేలు) ఉంటే దాన్ని విప్పి వెనక చక్రాల మీద నడుపుకోవచ్చు. విప్పిన షాఫ్టును క్రాసులతో సహా గోనె సంచిలో కట్టి, ఇంజినీరు సంతకం చేసిన చీటీ అతికించి ఇంట్లో ఉంచండి. ఈసారి దాన్ని ఏ గ్యారేజీలోనూ వదిలిరాకండి.