పిల్లలకు లింఫోమా సాధారణంగా ఏ వయసులో వస్తుంది?

ప్రశ్న: పిల్లలకు లింఫోమా సాధారణంగా ఏ వయసులో వస్తుంది? మా బాబుకి ఏడేళ్లు, 22 కిలోలు. వారం క్రితం జలుబు చేసింది. ఇప్పుడు గడ్డ ఒకటి చేతికి తగులుతోంది. ఇంత చిన్న వయసులో రాదు కదా?

మీ ప్రశ్నలో ఆఖరి ముక్క చూసే జవాబు రాయడానికి కూర్చున్నాను. "ఇంత చిన్న వయసులో రాదు" అన్న మాటను నేను దాదాపు రెండు నెలలు నమ్మాను. నమ్మించినవాళ్లలో చదువుకున్న డాక్టరూ ఉన్నాడు. అప్పటికి మా పాపకి ఆరేళ్లు.

వయసు అడిగారు కాబట్టి ముందు అది చెప్పేస్తాను. లింఫోమా అంటే ఎక్కువగా లింఫ్ గ్రంథుల్లో (మెడలో, చంకల్లో కట్టే బిళ్లలు అవే) పుట్టే క్యాన్సర్. అది ఒకే జబ్బు కాదు. హాడ్జ్‌కిన్ రకం ఐదేళ్ల లోపు చాలా అరుదు. పదేళ్లు దాటాక పెరుగుతూ వస్తుంది, 15 నుంచి 19 ఏళ్ల మధ్య బాగా కనిపిస్తుంది. నాన్-హాడ్జ్‌కిన్ రకాలు మూడేళ్ల లోపు అరుదు, ఆ పైన ఏ వయసులోనైనా రావచ్చు, అబ్బాయిల్లో ఎక్కువ. వాటిలో బర్కిట్ అనేది బడికెళ్లే చిన్నపిల్లల్లో, సుమారు ఐదు నుంచి పదేళ్ల వాళ్లలో ఎక్కువ. డెనిస్ బర్కిట్ అనే సర్జన్ ఉగాండాలో పిల్లల దవడల మీద ఈ గడ్డలు చూసి 1958లో రాశాడు, పేరు అలా వచ్చింది. ఆఫ్రికా బయట ఇది ఎక్కువగా కడుపులో వస్తుంది, పైకి గడ్డే కనపడదు. ఒకటి రెండు రోజుల్లో రెట్టింపయ్యేంత వేగం దానిది.

మీరు అడిగినదానికి జవాబు అయిపోయింది. ఇది మీకు పెద్దగా పనికొస్తుందని మాత్రం నేననుకోను.

మా సంగతి వినండి. పొద్దున బడికి తయారు చేస్తూ పాప చొక్కా పై బొత్తం పెట్టబోయాను. పట్టలేదు. "లావెక్కిపోతున్నావే" అని నవ్వి మళ్లీ లాగాను. అప్పుడు వేలికి తగిలింది. ఎడమవైపు కాలర్ ఎముక పైన చిన్న గుంట ఉంటుంది చూడండి, ఆ గుంట లేదు. అక్కడ పెద్ద గోళీ అంత బిళ్ల. గట్టి రాయిలా కాదు, మెత్తగానూ కాదు, రబ్బరు ముక్కలా ఉంది. నొక్కితే నొప్పి పుడుతోందా అని అడిగితే "గిలిగింతలుగా ఉంది నాన్నా" అని మెలికలు తిరిగింది. నొప్పి లేదంటే మంచిదే కదా అనుకున్నాను. ఎంత తెలివితక్కువో! జలుబుకో పంటి చీముకో కట్టే బిళ్లే మామూలుగా నొప్పి పెడుతుంది. నొప్పి లేకుండా నింపాదిగా పెరిగేదాన్నే చూసి భయపడాలి.

మొదటి డాక్టరు ఇన్ఫెక్షన్ అనుకుని పది రోజులు యాంటీబయాటిక్ ఇచ్చారు. ఆయన్ని తప్పుపట్టను. పిల్లల మెడలో తగిలే బిళ్లల్లో చాలా భాగం ఇన్ఫెక్షన్లే. తగ్గకపోతే రమ్మన్నారు. తగ్గలేదు. ఆయన ఊళ్లో లేరని ఇంకొకరి దగ్గరికి వెళ్లాం. అదీ నేను చేసిన పొరపాటు. ఈ రెండో ఆయన గడ్డని చూడకముందే పాప వయసు చూశాడు. "ఆరేళ్ల పిల్లకి, అందులోనూ ఆడపిల్లకి అలాంటివి రావండీ, అనవసరంగా టెన్షన్ పడకండి" అన్నాడు. లెక్కప్రకారం ఆయన మాటలో అబద్ధం లేదు. చిన్న వయసులో హాడ్జ్‌కిన్ అబ్బాయిల్లోనే ఎక్కువ. ఒక సిరప్ రాసిచ్చాడు.

నాలుగు రోజులకి గడ్డ సగమైంది.

ఆ ఆనందం ఎలా చెప్పను. రోజూ పొద్దున్నే స్కేలు పెట్టి సెంటీమీటర్లలో కొలిచి గోడ మీది క్యాలెండర్‌లో రాసేవాణ్ణి. 3, 3, 2, ఒకటిన్నర. ఒకటిన్నర చూసిన రోజు చుట్టాలందరికీ ఫోన్లు చేశాను. సిరప్ అయిపోయిన రెండు వారాలకి మళ్లీ 2, తర్వాత 3, తర్వాత మూడున్నర. ఎండాకాలం కాదు, అయినా ఒంట్లో కొంచెం వెచ్చన. రాత్రి పూట దిండు తడిసిపోయేది. ఫ్యాను తగలట్లేదేమోనని మంచం జరిపాం. మంచం!

మూడో డాక్టరు పెద్దావిడ. వయసు అడగలేదు, పాపతో కబుర్లు చెబుతూనే మెడ, చంకలు, గజ్జలు, పొట్ట అన్నీ తడిమింది. నేను ఫోనులో క్యాలెండర్ ఫొటో చూపించాను, మెచ్చుకుంటుందనుకుని. ఆమె 2 అనే అంకె మీద వేలు పెట్టి "ఇక్కడ ఏం మందు మొదలైంది?" అంది. సంచీలోంచి సీసా తీసిచ్చాను. లేబుల్ చదివి బల్ల మీద పెట్టి కాసేపు ఏం మాట్లాడలేదు. అది స్టెరాయిడ్.

ఆమె చెప్పాకే నాకు అర్థమైంది. లింఫోమా కణాలు స్టెరాయిడ్‌కి తాత్కాలికంగా లొంగుతాయి, గడ్డ కుంచించుకుపోతుంది, జబ్బు పోదు. పైగా ఆ సమయంలో ముక్క తీస్తే జబ్బు ఏమిటో తేలకపోవచ్చు. పెద్ద గడ్డ ఒక్కసారిగా కరిగితే చచ్చిన కణాల చెత్తంతా రక్తంలో కలిసి కిడ్నీలు దెబ్బతినే ప్రమాదం కూడా ఉంది. ఇంకో మాట అంది: కాలర్ ఎముక పైన కట్టిన బిళ్లని ఏ వయసులోనూ తేలిగ్గా తీసుకోకూడదట, దాని మూలం తరచు ఛాతీలో ఉంటుంది కాబట్టి. అదే రోజు ఎక్స్‌రే తీయించింది. ఛాతీ మధ్యలో నీడ వెడల్పుగా ఉంది. రెండో ఆయనకి ఒక్క ఎక్స్‌రే రాయడానికి చేతులు రాలేదు.

తర్వాత గడ్డలోంచి సూదితో కొన్ని కణాలు లాగే పరీక్ష ఒకటి చేశారు. అందులో ఏమీ తేలలేదు. హాడ్జ్‌కిన్‌లో అసలు క్యాన్సర్ కణాలు గడ్డలో చాలా కొద్దిగా ఉంటాయి, సూది మొనకి దొరక్కపోవచ్చు. చివరికి బిళ్ల మొత్తం తీసి బయాప్సీకి పంపితే బయటపడింది. రిపోర్టులో రీడ్-స్టెర్న్‌బర్గ్ కణాలు అని రాశారు, హాడ్జ్‌కిన్ రకమని పట్టించేవి అవే. ఒక్కో కణంలో రెండు కేంద్రకాలు, గుడ్లగూబ కళ్లలా. సూది పరీక్షలో ఏం లేదంటే ఊపిరి పీల్చుకుని ఇంటికెళ్లిపోయేవాళ్లు ఎందరుంటారో.

ఇంకో వింత చెప్పనా? కీమో మొదలుపెట్టాక ఇచ్చిన మందుల్లో ఆ స్టెరాయిడ్ కూడా ఉంది! అంటే ఆ మందు తప్పు కాదు, ఏ జబ్బుకి ఇస్తున్నామో తెలియకుండా ఇవ్వడం తప్పు. రెండో ఆయన దగ్గరికి వెళ్లి ఈ మాట చెప్పాలని చాలాసార్లు అనుకున్నాను. వెళ్లలేదు.

కీమో రోజుల గురించి రాయను, అది వేరే ప్రశ్న. పాపకి ఇప్పుడు పదకొండేళ్లు, చెకప్‌లకి వెళ్లొస్తున్నాం, బాగుంది. పిల్లల్లో హాడ్జ్‌కిన్ సరైన చికిత్సతో తొంభై శాతానికి పైగా నయమవుతుంది. దాన్ని పట్టుకుని చుట్టాలు "మంచి క్యాన్సరేలే" అంటారు చూడండి, ఆ మాట అన్నవాళ్లతో నేను ఏడాది మాట్లాడలేదు. ఫోను చూడటం వల్ల వచ్చిందని తేల్చినవాళ్లు ఇంకో రకం. చిన్నపిల్లల హాడ్జ్‌కిన్‌లో తరచు కనిపించేది ఎప్‌స్టీన్-బార్ అనే వైరస్. అది లోకంలో దాదాపు అందరికీ ఎప్పుడో ఒకప్పుడు సోకుతుంది, వాళ్లలో క్యాన్సర్ దాకా వచ్చేది ఏ కొద్దిమందికో. మా పాపకే ఎందుకైంది అంటే ఎవరి దగ్గరా జవాబు లేదు.

నన్నడిగితే ఈ వయసు పట్టికలు తల్లిదండ్రుల చేతికి ఇవ్వనేకూడదు. పదిహేనేళ్ల పిల్ల తల్లి చూస్తే నిద్రపోదు, ఆరేళ్ల పిల్ల తండ్రి చూస్తే హాయిగా నిద్రపోతాడు. నేను పోయాను. సగటు అనేది ఊరందరిదీ, గడ్డ మాత్రం మన పిల్లది.

మీ బాబు సంగతికొస్తే, వారం క్రితం జలుబు అన్నారు కాబట్టి జలుబు బిళ్లే అయ్యుండొచ్చు. దవడ కింద ఉండి, కదులుతూ, నొక్కితే నొప్పి పెడుతుంటే రెండు మూడు వారాలు చూడమనే చెబుతారు ఎవరైనా. రెండు సెంటీమీటర్లు దాటినా, నెలకి తగ్గకపోయినా, తూకం తగ్గుతున్నా, రాత్రుళ్లు బట్టలు తడిసేలా చెమట పడుతున్నా, పడుకుంటే దగ్గో ఆయాసమో వస్తున్నా ఆగకండి. ఆయాసం ఉంటే ఆ రోజే వెళ్లండి. జబ్బు తేలేదాకా "ఇందులో స్టెరాయిడ్ ఉందా?" అని ప్రతి సీసాకీ అడగండి, డాక్టరు విసుక్కున్నా సరే.

అన్నట్టు, వయసు రాశారు, బరువు రాశారు, జలుబు సంగతీ రాశారు. గడ్డ ఎక్కడుందో మాత్రం రాయలేదు. ముందు అది చెప్పండి.