కో-పైలట్ ఉద్యోగం వదిలి వైమానిక దళంలో గ్రౌండ్ డ్యూటీకి వెళ్లవచ్చా?

ప్రశ్న: నా వయసు 24. ఇంటర్ కాగానే ఫ్లయింగ్ స్కూల్లో చేరి కమర్షియల్ పైలట్ లైసెన్సు తీసుకున్నాను. డిగ్రీ దూరవిద్యలో పూర్తిచేశాను. ఏడాదిన్నరగా ఒక విమానయాన సంస్థలో కో-పైలట్‌గా పనిచేస్తున్నాను. వేళాపాళా లేని డ్యూటీలతో సరిగ్గా నిద్ర పట్టడం లేదు, కాక్‌పిట్‌లో కూర్చోవాలన్న ఉత్సాహమూ పోయింది. వైమానిక దళంలో గ్రౌండ్ డ్యూటీ అధికారిగా, వీలైతే ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్‌లో చేరాలని ఉంది. నా శిక్షణ కోసం ఇల్లు తాకట్టు పెట్టిన నాన్నగారు, ‘నేల మీద కూర్చోవడానికా నీకు ఎగరడం నేర్పించింది’ అని నాతో మాట్లాడటం మానేశారు. నాలుగు నెలల్లో నా పెళ్లి. నన్ను పెళ్లి చేసుకోబోయే ఆయనకు ఈ విషయం ఇంకా చెప్పలేదు. పెళ్లయ్యాక నెమ్మదిగా చెప్పవచ్చు, ఈలోగా దరఖాస్తు పెట్టేస్తే సరిపోతుందని అనుకుంటున్నాను. నేను తప్పు చేస్తున్నానా?

సమాధానం: వృత్తి మార్చుకోవాలనుకోవడంలో తప్పేమీ లేదు. మీరు వేసుకున్న పథకంలో మాత్రం ఒక పెద్ద చిక్కు ఉంది, దాని సంగతి తరువాత చెబుతాను. అంతకంటే ముందు, మీరు దేనికోసం వెళ్లాలనుకుంటున్నారో, దేని నుంచి తప్పుకోవాలనుకుంటున్నారో విడదీసి చూసుకోవలసిన అవసరం ఉంది, ఎందుకంటే మీ ఉత్తరంలో ఆ రెండూ కలిసిపోయి ఉన్నాయి.

నిద్రలేమి, అలసట మీ నిర్ణయానికి ప్రధాన కారణాలైతే సైన్యం వాటికి మందు కాదు. పౌర విమానయానంలో పైలట్ డ్యూటీ గంటలకు చట్టబద్ధమైన పరిమితులున్నాయి. 2024లో సవరించిన నిబంధనల్లో పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ వారపు విశ్రాంతిని 36 గంటల నుంచి 48 గంటలకు పెంచింది కూడా. సైనికాధికారికి అటువంటి లెక్క చూపించి ‘నా డ్యూటీ అయిపోయింది’ అనే వెసులుబాటు ఉండదు. మీరు కోరుకుంటున్న ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్‌లోనూ రాత్రి షిఫ్టులు ఉంటాయి, వాటికి తోడు కొన్నేళ్లకోసారి బదిలీలు ఉంటాయి. వైద్య పరీక్షలో ఇబ్బంది వస్తుందేమోనన్న భయంతో చాలామంది పైలట్లు నిద్ర సమస్యను దాచిపెట్టుకుంటారు. మీరు మాత్రం ఆ పని చేయకుండా ముందు ఒక మంచి వైద్యుణ్ణి కలవండి. తగినంత విశ్రాంతి దొరికిన తరువాత కూడా ఇదే కోరిక నిలిచి ఉంటే అప్పుడు దానిని నమ్మవచ్చు.

రెండో పరీక్ష ఏమిటంటే, గ్రౌండ్ డ్యూటీ అంటే ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్ ఒక్కటే కాదు. సాంకేతిక విభాగాలను పక్కన పెడితే అడ్మినిస్ట్రేషన్, లాజిస్టిక్స్, అకౌంట్స్, ఎడ్యుకేషన్, మెటియరాలజీ వంటి శాఖలున్నాయి, ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలు, ఫైటర్ కంట్రోలు (యుద్ధవిమానాలకు నేల మీద నుంచి దారి చూపడం) పనులు అడ్మినిస్ట్రేషన్ శాఖ కిందికి వస్తాయి. మీరు ప్రాధాన్యం తెలియజేయవచ్చు గాని, ఎవరిని ఎక్కడ నియమించాలో నిర్ణయించేది వైమానిక దళమే. కాబట్టి ఏదో ఒక స్థావరంలో సరఫరాల లెక్కలు చూసే పని అప్పగించినా సంతోషంగా చేయగలనా అని మిమ్మల్ని మీరు నిజాయతీగా ప్రశ్నించుకోండి. చేయగలనని సమాధానం వస్తే మీకు కావలసింది యూనిఫాం, దానికోసం ప్రయత్నించడం సబబే. చేయలేనని వస్తే మీకు కావలసింది ఆకాశంలో రాకపోకలను నడిపించే పని, అది సైన్యంలోనే దొరకాలని లేదు. ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ఆఫ్ ఇండియా జూనియర్ ఎగ్జిక్యూటివ్ హోదాలో కంట్రోలర్లను తీసుకుంటుంది. భౌతిక, గణిత శాస్త్రాలతో బీఎస్సీ లేదా ఇంజినీరింగ్ డిగ్రీ ఉండి 27 ఏళ్లు మించనివారు దానికి పోటీ పడవచ్చు, మీ దూరవిద్య డిగ్రీలో ఆ సబ్జెక్టులు ఉన్నాయో లేదో చూసుకోండి.

ఇంకొక మాట మొహమాటం లేకుండా చెప్పాలి. వైమానిక దళంలో గ్రౌండ్ డ్యూటీ అధికారుల గౌరవానికి లోటు లేదు గాని, ఆ దళానికి ఇప్పటివరకు అధిపతులైన భారతీయులందరూ విమానాలు నడిపే శాఖ నుంచి వచ్చినవారే. చెల్లుబాటులో ఉన్న కమర్షియల్ లైసెన్సు ఉన్నవారికి ఫ్లయింగ్ శాఖలో వయోపరిమితిని 24 నుంచి 26కు సడలించారు కనుక, ఆ తలుపు కూడా మీకు తెరిచే ఉంది. దానిని కాదనుకుని గ్రౌండ్ డ్యూటీ ఎంచుకుంటే, మీకు బాగా తెలిసిన పనిని ఇతరులు చేస్తుండగా ప్రతిరోజూ నేల మీద నుంచి చూడవలసి ఉంటుంది. కొందరికి అది ఏమాత్రం బాధ కలిగించదు, మరికొందరికి ఏళ్లు గడిచినా ముల్లులా గుచ్చుకుంటుంది. మీరు ఏ కోవకు చెందుతారో మీకే తెలియాలి.

నాన్నగారి కోపంలో పరువు కొంత, అప్పు కొంత ఉన్నాయి. పరువు గురించి వాదించి గెలవలేరు, అందుచేత అప్పు గురించే మాట్లాడండి. ఎంపికైతే దుండిగల్‌లోని ఎయిర్ ఫోర్స్ అకాడమీలో సాంకేతికేతర శాఖలవారికి ఏడాది శిక్షణ ఉంటుంది, ఆ కాలంలో నెలకు 56,100 రూపాయల స్టైపెండ్ ఇస్తారు. కమిషన్ (అధికారిగా నియామకం) పొందాక మూలవేతనం అంతే మొత్తంతో మొదలై, దానిపై మిలిటరీ సర్వీస్ పే 15,500 రూపాయలు, ఇతర భత్యాలు కలుస్తాయి. వీటిని మీ ఇప్పటి జీతం పక్కన, ఇంటి తాకట్టు వాయిదా పక్కన పెట్టి, ఏ నెలకు ఎంత తగ్గుతుందో, ఆ లోటు ఎక్కడి నుంచి పూడుస్తారో కాగితం మీద రాసి ఆయన ముందు పెట్టండి. మీకు వచ్చే షార్ట్ సర్వీస్ కమిషన్, అంటే పరిమిత కాలపు నియామకం, పదేళ్లనీ, మరో నాలుగేళ్లు పొడిగించే వీలుందనీ, శాశ్వత కమిషన్ రాకపోతే పింఛను ఉండదనీ కూడా దాచకుండా చెప్పండి. లైసెన్సు వృథా అవుతుందని ఆయన అంటే అందులో సగమే నిజం. 2023 సవరణతో లైసెన్సు చెల్లుబాటు పదేళ్లకు పెరిగింది. అయితే క్లాస్ వన్ మెడికల్ (పైలట్ల వైద్య ధ్రువీకరణ), ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ (పరికరాల ఆధారంగా విమానం నడిపే అర్హత) ఏటేటా పునరుద్ధరించుకోవలసినవి, కాబట్టి దూరమై తిరిగి రావడం అసాధ్యం కాకపోయినా ఖర్చుతో కూడుకున్న పని. తాకట్టు ఆయన ఇంటిమీద ఉన్నంతకాలం ఈ లెక్కలు అడిగే హక్కు ఆయనకు ఉందని నా అభిప్రాయం, మీ వృత్తిని నిర్ణయించే హక్కు మాత్రం లేదు.

ఉద్యోగానికి ఇప్పుడే రాజీనామా చేయకండి. 2017 నాటి డీజీసీఏ నిబంధన ప్రకారం కో-పైలట్లు ఆరు నెలల ముందుగా నోటీసు ఇవ్వాలి. సంస్థతో శిక్షణ బాండు రాసుకుని ఉంటే దాని షరతులు వేరు. పరీక్ష, సెలక్షన్ బోర్డు, వైద్య పరీక్షలు దాటి తుది జాబితాలో పేరు వచ్చాక అకాడమీకి వెళ్లడానికి అంత వ్యవధి ఉండదు. కాబట్టి బోర్డు సిఫారసు వచ్చిన వెంటనే యాజమాన్యంతో రాతపూర్వకంగా మాట్లాడుకోవడం మంచిది.

ఇప్పుడు ఆ చిక్కు విషయం. గ్రౌండ్ డ్యూటీకి వయోపరిమితి 20 నుంచి 26 ఏళ్లే అయినా, ఆ వయసును కోర్సు ప్రారంభమయ్యే నాటికి లెక్కిస్తారు. వైమానిక దళ ప్రవేశ పరీక్ష ఏఎఫ్‌క్యాట్ ఏటా రెండుసార్లు జరుగుతుంది, పరీక్షకూ కోర్సుకూ మధ్య దాదాపు ఏడాది గడుస్తుంది. అంటే మీకు మిగిలినవి ఒకటి రెండు అవకాశాలే. ఇక పెళ్లి సంగతి చూస్తే, కోర్సు మొదలయ్యేనాటికి 25 నిండనివారు అవివాహితులై ఉండాలి. 25 దాటిన వివాహితులు దరఖాస్తు చేయవచ్చు గాని, శిక్షణ కాలంలో వారికి కుటుంబంతో కలిసి ఉండే వీలు లేదు. దరఖాస్తు చేసిన తరువాత పెళ్లి చేసుకున్నవారు మాత్రం ఎంపికైనా శిక్షణకు అనర్హులవుతారు. శిక్షణ మధ్యలో పెళ్లి చేసుకుంటే ప్రభుత్వం పెట్టిన ఖర్చు తిరిగి కట్టి బయటికి రావలసి ఉంటుంది.

దీనిని బట్టి మీ ముందున్న దారులు రెండే. అనుకున్న తేదీకే పెళ్లి చేసుకుని, ఆ తరువాత వచ్చే ప్రకటనకు, కోర్సు నాటికి మీకు 25 నిండుతాయని చూసుకుని దరఖాస్తు చేయడం ఒకటి. ముందే దరఖాస్తు చేసి, శిక్షణ ముగిసేదాకా, అంటే సుమారు రెండేళ్లు, పెళ్లి వాయిదా వేసుకోవడం రెండోది. ఇప్పుడు దరఖాస్తు పెట్టి, నాలుగు నెలల్లో పెళ్లి చేసుకుని, తరువాత నెమ్మదిగా చెబుదామన్న మీ ఆలోచన ఒక్కటే పూర్తిగా మూసుకుపోయిన దారి. ఆ రెండింటిలో ఏది ఎంచుకున్నా దాని భారం మీకు కాబోయే భర్త మీద కూడా పడుతుంది. మొదటి దారిలో పెళ్లయిన కొద్దికాలానికే ఏడాదిపాటు దూరంగా ఉండాలి, రెండో దారిలో ఇరు కుటుంబాలు ఖాయం చేసుకున్న ముహూర్తం మారాలి. కనుక నాన్నగారితో మీ మౌనం వీడకపోయినా సరే, ఈ వారంలోనే మీకు కాబోయే భర్తను కలిసి, ఫోనులో కాకుండా ఎదురెదురుగా కూర్చుని, ఈ నియమాలు చూపించి మాట్లాడండి. ఆయన ఏమంటారో విన్న తరువాతే దరఖాస్తు తెరవండి.