తుంటి మార్పిడి ముందు నుంచా, వెనక నుంచా? రెండూ చేయించుకున్నాను

“ముందు నుంచి చేస్తే కండరాలు కోయరు, త్వరగా కోలుకుంటాం అంటున్నారు. మా డాక్టర్ మాత్రం వెనక నుంచే చేస్తానంటున్నారు. డాక్టర్‌ని మార్చాలా?” అని కదా మీరు అడిగింది. నాకు కుడి తుంటి వెనక నుంచి చేశారు. కొన్నేళ్ల తర్వాత ఎడమది వేరే డాక్టర్ ముందు నుంచి చేశారు. నేనైతే ఆ ఒక్క కారణంతో డాక్టర్‌ని మార్చను.

వెనక నుంచి చేసేటప్పుడు పిరుదు కండరాన్ని పాయలుగా విడదీస్తారు. దాని కింద తొడను బయటికి తిప్పే చిన్న కండరాలను ఎముక దగ్గర కోసి, చివర్లో మళ్లీ కుడతారు. అవి అతుక్కునేదాకా కొత్త కీలు జారిపోతుందేమోనని నిబంధనలు పెడతారు. తుంటిని 90 డిగ్రీలకు మించి వంచకూడదు, కాలు మీద కాలు వేయకూడదు, కాలు లోపలికి తిప్పకూడదు. నొప్పికి మందులున్నాయి గానీ ఈ ‘కూడదు’లకు మందు లేదు! సాక్స్ తొడగడానికీ, కింద పడ్డ ఫోన్ తీయడానికీ ఇంకొకరిని పిలవాలి. కాళ్ల మధ్య దిండుతో వెల్లకిలా పడుకోవడం నాకు పరమ చిరాకు. ఇప్పుడు కొత్త కీలులోని బంతి సైజు పెద్దది వాడుతూ, కండరాలు గట్టిగా కుడుతుండటంతో కొందరు డాక్టర్లు ఈ నియమాలు బాగా సడలించారు. మీ డాక్టర్ ఎన్ని వారాలు పాటించమంటారో ముందే అడగండి.

ముందు నుంచి అయితే తొడ పైభాగంలో రెండు కండరాల మధ్య సందులోంచి కీలు చేరుకుంటారు. నిజమే, వాకర్ త్వరగా వదిలేశాను, మెట్లూ త్వరగానే ఎక్కాను. కానీ అప్పటికి నా కుడి తుంటి బాగుంది. మంచం మీంచి ఎలా లేవాలో తెలుసు. ఆపరేషన్‌కి ముందే తొడ కండరాలకు వ్యాయామాలు చేశాను. అందుకే ఆ ఘనత అంతా పద్ధతికే ఇవ్వలేను. రెండు పద్ధతులనూ పోల్చిన పరిశోధనల్లో కూడా తేడా ఎక్కువగా మొదటి కొన్ని వారాల్లోనే కనిపిస్తుంది. మూడు నెలలు దాటేసరికి నడకలో పెద్ద తేడా ఉండదు.

ముందు నుంచి చేసినా ఇబ్బందులు లేకపోలేదు. కోత దగ్గరే తొడ చర్మానికి వెళ్లే నరం ఒకటి ఉంటుంది. నాకు తొడ బయటివైపు అరచెయ్యంత మేర ఇప్పటికీ మొద్దుబారి ఉంది. నడకకు అడ్డం కాదు, అలవాటైపోయింది. పొట్ట బాగా పెద్దగా ఉన్నవాళ్లకు గజ్జల మడత దగ్గర గాయం మానడం కష్టమవుతుంది. ఈ దారిలో తొడ ఎముక లోపలికి పనిముట్లు దించడం కూడా కష్టమే. చేయి తిరగని డాక్టర్ చేస్తే ఎముక చిట్లే ప్రమాదం పెరుగుతుంది. అందుకే “మీరు ఎక్కువగా ఏ పద్ధతిలో చేస్తారు, ఏడాదికి ఎన్ని చేస్తారు?” అని మొహమాటం లేకుండా అడగండి. వెనక నుంచి చేయడంలో ఆరితేరిన మనిషిని ముందు నుంచి చేయమని బలవంతం చేయడం నా దృష్టిలో రిస్క్.

పక్క నుంచి చేసే లేటరల్ పద్ధతి కూడా ఉంది. అందులో కీలు జారడం తక్కువే గానీ, నడిచేటప్పుడు కటి ఎముకను నిలబెట్టే కండరంలో కొంత భాగాన్ని విడదీస్తారు. దానివల్ల కొందరికి కుంటు ఎక్కువ కాలం ఉంటుంది.

మీకు ఇదివరకు నడుముకు రాడ్లు, స్క్రూలు వేసి ఉంటే మాత్రం ఆ సంగతి తప్పకుండా చెప్పండి. వెన్ను బిగుసుకుపోయినవాళ్లకు కూర్చుని లేచేటప్పుడు కటి ఎముక సరిగా కదలదు, కొత్త కీలు జారే అవకాశం ఎక్కువ. అలాంటప్పుడు ఏ వైపు నుంచి చేయాలి, ఏ రకం కీలు వేయాలి అన్నది డాక్టర్‌తో కూర్చుని వివరంగా మాట్లాడాల్సిందే.